పాత పికప్ ఇంజిన్ విప్పే ముందు లోపం ఏ సిలిండర్‌లో ఉందో తేల్చాలి

సంపాదకులకు,

అయ్యా,

వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్ యార్డుకు మిర్చి పోటెత్తే జనవరి నుంచి ఏప్రిల్ వరకు ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ దారుల్లో సరుకు మోసే బండ్లలో పదేళ్లు దాటిన బొలెరో పికప్‌లు, టాటా 207లు, టాటా ఏస్‌లు ఎన్నో కనిపిస్తాయి. ఈ బండ్ల యజమానులు తరచుగా చెప్పుకునే బాధ ఇంజిన్ మిస్సింగ్ కొడుతోందని, అంటే ఏదో ఒక సిలిండర్ సరిగా అంటుకోక ఇంజిన్ తడబడుతోందని, లోడు మీద దమ్ము రావడం లేదని. ఆ మాట చెవిన పడగానే మన దగ్గర చాలా గ్యారేజీల్లో ముందు సిలిండర్లలోకి డీజిల్ చిమ్మే నాజిళ్లు విప్పుతారు, తర్వాత డీజిల్ పంపును క్యాలిబ్రేషన్‌కు పంపుతారు, అప్పటికీ తగ్గకపోతే ఇంజిన్ బోరుకొచ్చిందని, అంటే సిలిండర్లు లోపల అరిగిపోయాయని చెప్పి వాటి పైమూత అయిన హెడ్ దించుతారు. లోపం ఎక్కడుందో వెతికే దశ ఈ వరుసలో ఎక్కడా లేదు. సీజన్ మధ్యలో వారం రోజులు బండి గ్యారేజీలో పడి ఉంటే కిస్తీ కట్టలేని చిన్న యజమానులకు ఇది చిన్న విషయం కాదు కనుక ఈ లేఖ రాస్తున్నాను.

ఇందుకు మెకానిక్‌లను మాత్రమే తప్పుపట్టడం న్యాయం కాదు. నాజిల్ మారిస్తే సామాను ఖరీదూ కూలీ మారుమాట లేకుండా ఇచ్చే మనం, గంటసేపు వెతికి డీజిల్ పైపు క్లిప్పు వదులైందని కనిపెట్టి బిగించిన మనిషికి చాయ్ డబ్బులు చేతిలో పెట్టి పంపిస్తాం. వెతకడానికి కూలి రానప్పుడు ఎవరైనా విప్పడానికే మొగ్గు చూపుతారు. పరీక్షకు విడిగా కూలి కట్టే అలవాటు యజమానుల్లో రాకపోతే గ్యారేజీల పద్ధతి మారాలని కోరడం వృథా అని నా అభిప్రాయం.

నేను ఆర్టీసీ డిపో గ్యారేజీలో డీజిల్ మెకానిక్‌గా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. బస్సు అప్పగించేటప్పుడు డ్రైవర్ రాసిచ్చే ఒక్క వాక్యంతో మా పని సగం తేలికయ్యేది. పొద్దున చల్లగా ఉన్నప్పుడే వణుకుతోందని రాస్తే ఒక దారి, చడావు ఎక్కేటప్పుడు నల్ల పొగ వస్తోందని రాస్తే ఇంకో దారి పట్టేవాళ్లం. లీటరు డీజిల్‌కు ఎన్ని కిలోమీటర్లు వస్తున్నాయో బస్సువారీగా లెక్క ఉండేది కాబట్టి ఇంజిన్ దెబ్బతింటున్న సంగతి చప్పుడు మారకముందే కాగితం మీద తెలిసేది. పికప్ యజమాని కూడా గ్యారేజీకి వెళ్లే ముందు ఇంజిన్ ఎప్పుడు వణుకుతోంది, చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా, ఖాళీగా నిలబడినప్పుడా లోడు మీదా, దానికి ముందు డీజిల్ ఎక్కడ పోయించారు, ఫిల్టర్ ఎప్పుడు మార్చారు అన్నవి గుర్తుచేసుకుని చెబితే చాలు. నిలబడి ఉన్నప్పుడు మాత్రమే బండి మొత్తం ఊగుతూ, రేస్ ఇవ్వగానే సర్దుకుంటే ఇంజిన్ ఫౌండేషన్ రబ్బర్లు చూడాలి. 702 సీసీ, రెండే సిలిండర్ల పాత టాటా ఏస్ ఇంజిన్ సహజంగానే కొంత వణుకుతుంది. దాన్ని నాలుగు సిలిండర్ల ఇంజిన్‌తో పోల్చి రోగం అంటగట్టనక్కర్లేదు.

పొగ రంగు కూడా చాలా చెబుతుంది. నల్ల పొగ అంటే గాలికి మించి డీజిల్ పడుతోందని అర్థం కనుక ఎయిర్ ఫిల్టర్, టర్బో ఉన్న బండ్లలో దాని హోసు పైపులు ముందు చూడాలి. తెల్ల పొగ వచ్చి డీజిల్ వాసన కొడితే ఏదో ఒక సిలిండర్‌లో డీజిల్ మండకుండా బయటికి పోతోంది. డీజిల్ వాసన లేకుండా, రేడియేటర్‌లో నీళ్లు తగ్గుతూ వస్తే హెడ్ గ్యాస్కెట్‌ను అనుమానించాలి. నీలి పొగ ఆయిల్ కాలుతున్నదానికి గుర్తు. పొల్యూషన్ ధ్రువపత్రంలో పొగ సాంద్రత అంకె ఉంటుంది, బీఎస్-4 అనే కాలుష్య ప్రమాణానికి ముందటి డీజిల్ బండ్లకు దాని పరిమితి 2.45, బీఎస్-4 బండ్లకు 1.62. పాస్ అయిందా లేదా అని మాత్రమే చూసి కాగితాన్ని డ్యాష్‌బోర్డులో పడేసేవారు కిందటిసారి అంకెను ఈసారి అంకె పక్కన పెట్టి చూస్తే ఇంజిన్ ఎటు పోతోందో తెలుస్తుంది. ఎనిమిదేళ్లు దాటిన సరుకు బండికి ఏటా ఫిట్‌నెస్ తప్పదు కాబట్టి ఆ రోజు పొగ తగ్గించడానికి పంపు స్క్రూ తిప్పించి, తర్వాత బండికి దమ్ము లేదని మళ్లీ తిప్పించే వాళ్లూ ఉన్నారు. అలా తిప్పిన పంపుతో వచ్చిన బండిలో అసలు లోపం వెతకడం ఎంత కష్టమో ఆ మెకానిక్‌కే తెలుసు.

నా అనుభవంలో పాత బండ్ల మిస్సింగ్‌కు ఎక్కువసార్లు కారణమయ్యేది డీజిల్‌లో చేరిన నీరు, పైపుల్లో చేరిన గాలి. ట్రాక్టర్ కోసం, వరికోత మిషన్ కోసం ఊళ్లో డ్రమ్ముల్లో నిల్వచేసిన డీజిల్‌ను పికప్‌లో పోయడం మామూలే. వానాకాలంలో ఆ డ్రమ్ముల్లోకి నీరు చేరుతుంది. డీజిల్ కంటే నీరు బరువైనది కాబట్టి ట్యాంకు అడుగుకు, అక్కడి నుంచి ఫిల్టర్ అడుగుకు చేరి నిలుస్తుంది. ఫిల్టర్ కింది డ్రెయిన్ స్క్రూ వదులు చేసి గాజు గ్లాసులోకి కొంచెం డీజిల్ పట్టి పది నిమిషాలు ఉంచితే అడుగున నీటి పొర కనిపిస్తుంది. ఈ పరీక్షకు పైసా ఖర్చు లేదు. ఇక గాలి సంగతి. ట్యాంకు నుంచి పంపు దాకా డీజిల్ లాగబడుతూ వస్తుంది కాబట్టి ఆ దారిలో ఎండిపోయిన రబ్బరు పైపు గానీ, గట్టిపడిన వాషర్ గానీ ఉంటే డీజిల్ బయటికి కారకుండానే గాలి లోపలికి పోతుంది. కింద ఒక్క చుక్క పడకపోవడంతో అక్కడ లోపం ఉంటుందని ఎవరికీ తోచదు. రాత్రంతా నిలిపిన బండి పొద్దున స్టార్ట్ అయి, కాసేపు తడబడి, చేత్తో డీజిల్ ఎక్కించే హ్యాండ్ ప్రైమర్ కొట్టాక సర్దుకుంటే అది దాదాపుగా ఇదే. పంపుకు ముందు ఒక మూర పొడవు పారదర్శకమైన పైపు తాత్కాలికంగా బిగించి ఇంజిన్ నడిపితే బుడగలు కంటికే కనిపిస్తాయి. కొంతదూరం పోయాక దమ్ము తగ్గి, ట్యాంకు మూత తీయగానే బుస్సుమని గాలి లోపలికి పీల్చుకుని మళ్లీ బాగా నడిస్తే మూతకున్న గాలి రంధ్రం మూసుకుపోయిందన్నమాట. దీనికి పంపు విప్పించుకున్న వాళ్లను చూశాను.

ఇవన్నీ సరిగ్గా ఉండి కూడా మిస్సింగ్ పోకపోతే అది అన్ని సిలిండర్లలో ఉందా, ఒక్కదానిలోనే ఉందా అన్నది తేల్చాలి. డీజిల్ ఇంజిన్‌లో స్పార్క్ ప్లగ్ ఉండదు. అణిగిన గాలి వేడికి డీజిల్ అంటుకుంటుంది. అందుచేత ఒక సిలిండర్‌కు డీజిల్ ఆపితే ఆ సిలిండర్ ఆగుతుంది. మెకానికల్ పంపు ఉన్న పాత ఇంజిన్‌ను నెమ్మదిగా నడుస్తుండగా ఉంచి, ఒక్కో నాజిల్ దగ్గర హైప్రెషర్ పైపు నట్టును ఒక చుట్టు వదులు చేసి మళ్లీ బిగించాలి. బాగున్న సిలిండర్ నట్టు వదులు చేస్తే ఇంజిన్ చప్పుడు మారి వేగం పడిపోతుంది. ఏ సిలిండర్ నట్టు వదులు చేసినప్పుడు తేడా రాదో ఆ సిలిండర్ అసలు పనిచేయడం లేదని అర్థం. ఆ తర్వాత అనుమానం ఉన్న నాజిల్‌ను పక్క సిలిండర్‌లోకి, పక్క దాన్ని ఇందులోకి కొత్త రాగి వాషర్లతో మార్చి బిగిస్తే, మిస్సింగ్ నాజిల్‌తోపాటు పక్కకు పోయిందా, ఉన్న చోటే ఉందా చూడవచ్చు. నాజిల్‌తోపాటు పోతే ఒక్క నాజిల్ చాలు, నాలుగు మార్చనక్కర్లేదు. ఉన్న చోటే ఉంటే ట్యాపెట్ సెట్టింగ్ (వాల్వుల దగ్గరి సందు) చూసి, కంప్రెషన్, అంటే సిలిండర్‌లో గాలి అణిగే ఒత్తిడి, కొలవాలి. పెట్రోల్ బండ్ల గేజీ దీనికి పనికిరాదు. మంచి స్థితిలో ఉన్న ఇలాంటి డీజిల్ ఇంజిన్ దాదాపు 25 నుంచి 30 బార్ ఒత్తిడి చూపుతుంది. ఆ అంకె కంటే కూడా సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. మూడింటిలో సమానంగా ఉండి ఒక్కదానిలో బాగా తగ్గితే అప్పుడు హెడ్ దించమనండి, ఎవరూ కాదనరు.

ఇక్కడ ఒక హెచ్చరిక చేయకపోతే తప్పవుతుంది. ఈ నట్టు వదులు చేసే పరీక్ష కామన్ రెయిల్ ఇంజిన్ల మీద, అంటే అన్ని నాజిళ్లకూ ఒకే గొట్టం నుంచి భారీ ఒత్తిడితో డీజిల్ అందే కొత్త రకం ఇంజిన్ల మీద, ఎంతమాత్రం చేయకూడదు. వాటిలో ఒత్తిడి వెయ్యి బార్ దాటుతుంది. ఆ జల్లు చర్మంలోకి దూసుకుపోతే పైకి చిన్న గాటులాగే కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లకపోతే చేయి తీసేయాల్సి రావచ్చు. దేశమంతటా 2017 ఏప్రిల్ 1న బీఎస్-4, 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 అమలులోకి వచ్చాక ఇలాంటి ఇంజిన్లు బాగా పెరిగాయి. వాటికి స్కానర్ పెట్టి చూడటమే పద్ధతి. పాత ఇంజిన్ల మీద చేసేటప్పుడు కూడా కళ్లద్దాలు పెట్టుకోవాలి, నట్టు చుట్టూ గుడ్డ కప్పాలి.

యజమానులకు నా సూచన ఒక్కటే. బండి అప్పగించే ముందు పరీక్ష కూలి ఎంతో మాట్లాడుకుని, విప్పకముందే ఒక చీటీ అడగండి. లోపం ఏ సిలిండర్‌లో ఉంది, నీరు, గాలి చూశారా, హెడ్ దించాలంటే కంప్రెషన్ ఎంత వచ్చింది అన్న మూడు మాటలు అందులో ఉంటే సరిపోతుంది. ఆటోనగర్‌లో చేయి తిరిగిన మెకానిక్‌లకు ఇది చేతగాని పనేమీ కాదు. కూలి వస్తుందని తెలిస్తే వాళ్లే ముందుకొస్తారు.

ఐటీఐలలో డీజిల్ మెకానిక్ ట్రేడ్ ఇప్పటికీ ఉంది. రాష్ట్రంలో ఐటీఐలను అధునాతన సాంకేతిక కేంద్రాలుగా మారుస్తూ కొత్త యంత్రాలు తెప్పిస్తున్న ఈ సమయంలో, పల్లెల్లో ఇంకా ఏళ్లపాటు తిరగబోయే మెకానికల్ పంపు బండ్ల పరీక్షను కూడా పిల్లల చేత స్వయంగా చేయించాలి. జనవరిలో రహదారి భద్రతా మాసం పేరిట డ్రైవర్లకు కంటి పరీక్షల శిబిరాలు పెడుతుంటారు. మిర్చి సీజన్ మొదలయ్యేదీ అప్పుడే. రవాణా శాఖ, మార్కెట్ కమిటీ కలిసి ఎనుమాముల యార్డులోనే ఆ విద్యార్థులతో ఒకటి రెండు రోజులు పికప్‌ల తనిఖీ కూడా పెట్టించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. అందుకు కావలసింది గాజు గ్లాసులు, ఒక పారదర్శక పైపు, డీజిల్ కంప్రెషన్ గేజీ, దగ్గరుండి చూపించే ఒక బోధకుడు.

ఇట్లు,
ఆర్టీసీ విశ్రాంత మెకానిక్,
హన్మకొండ