వార్షిక నివేదిక: సంఘానికి రేడియో స్కానర్ ఎంపిక

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది కార్యవర్గం సమయమంతా దాదాపు ఒక్క పనికే పట్టింది. సంఘం కార్యాలయంలో పెట్టడానికి రేడియో స్కానర్, అంటే ఫైర్, అంబులెన్స్ వంటి శాఖలు రేడియోలో మాట్లాడుకునేది వెతికి వినిపించే పరికరం, ఎంచుకోవడమే ఆ పని. నిరుటి తుఫాను రాత్రి కరెంటు పోయి, సెల్ సిగ్నల్ కూడా పోయాక, ఏ దారి మూసేశారో, ఫైరింజన్ ఎటు వెళ్తోందో చెప్పేవాళ్లు లేక మనం పడ్డ అవస్థ అందరికీ గుర్తుంది. స్కానర్ కొనాలని సర్వసభ్య సమావేశంలో తీర్మానించుకున్నది అందుకే.

తీర్మానం కాగానే తొందరపడ్డాం. పాత అనలాగ్ స్కానర్ ఒకటి తక్కువలో దొరికితే తీసుకున్నాం. మొదటి సాయంత్రం ఎనిమిది మందిమి దాని చుట్టూ కూర్చుంటే 800 మెగాహెర్ట్జ్ బ్యాండులో ఒకచోట ఆగి, పాత మోటారు తిరిగినట్టు ఒకటే గరగర. చెడిపోయిందనుకున్నాం. నిజానికి మేం విన్నది ట్రంకింగ్ వ్యవస్థ కంట్రోల్ ఛానెల్. ఈ పద్ధతిలో ఏ శాఖకూ సొంత ఫ్రీక్వెన్సీ ఉండదు. కొన్ని ఛానెళ్లను అందరూ పంచుకుంటారు. ఫైర్ సిబ్బంది మైకు బటన్ నొక్కగానే ఖాళీగా ఉన్న ఛానెల్ ఏదో ఆ గరగరలోని డేటా చెబుతుంది, వాళ్ల టాక్‌గ్రూప్ (కలిసి మాట్లాడుకునే బృందం) రేడియోలన్నీ అటు మారతాయి. మరుసటి మాటకు ఇంకో ఛానెల్. మన పాత స్కానర్‌కు ఆ డేటా అర్థం కాదు, డిజిటల్ గొంతూ వినిపించదు.

అసలు ముందు చేయాల్సిన పని అప్పుడు మొదలుపెట్టాం. మన దగ్గర ఎవరు ఏ పద్ధతిలో మాట్లాడుతున్నారో ఉపసంఘం ఒక పట్టిక రాసింది. పోలీసు, ఫైర్, అంబులెన్స్ మూడూ పీ25 అనే డిజిటల్ రేడియో ప్రమాణంలో రెండో దశ అయిన ఫేజ్ 2లో ఉన్నాయి. ఇందులో 12.5 కిలోహెర్ట్జ్ ఛానెల్‌ను కాలభాగాలుగా చీల్చి ఒకేసారి రెండు సంభాషణలు నడుపుతారు. ఫేజ్ 1 వరకే తెలిసిన స్కానర్ వాటిని పట్టలేదు. పోలీసు గ్రూపులు ఎన్‌క్రిప్షన్‌లో, అంటే బయటివాళ్లకు అర్థం కాకుండా మాటలను రహస్య సంకేతాలుగా మార్చే పద్ధతిలో ఉన్నాయి. వాటిని ఏ స్కానరూ విప్పలేదు, విప్పుతుందని అమ్మేవాళ్లు చెప్పినా నమ్మకండి. మనకు కావాల్సిన ఫైర్, అంబులెన్స్ డిస్పాచ్ (బండ్లను ఎటు పంపాలో చెప్పే మాటలు) మాత్రం బాహాటంగానే వస్తోంది.

తర్వాత ఒక సభ్యుడి దగ్గర డిజిటల్ స్కానర్ అరువు తెచ్చి చూశాం. సిగ్నల్ గీతలు నిండుగా ఉన్నాయి, మాటలు మాత్రం ముక్కలు ముక్కలు. కారణం సైమల్‌కాస్ట్. చాలా టవర్లు ఒకే ఫ్రీక్వెన్సీలో ఒకే మాటను ఒకేసారి పంపుతాయి. అవి మన యాంటెన్నాకు మైక్రోసెకన్ల తేడాతో చేరి ఒకదాన్నొకటి చెరిపేస్తాయి. నా లెక్కలో ఈ ఏడాది నేర్చుకున్న వాటిలో ఇదే ముఖ్యమైనది. స్కానర్ కొనబోయే సభ్యులెవరైనా ముందు తమ ప్రాంతంలో సైమల్‌కాస్ట్ ఉందో లేదో తెలుసుకోవాలి.

చివరికి యూనిడెన్ ఎస్‌డీఎస్‌200 తీసుకున్నాం. దానిలోని ఐ/క్యూ అనే రకం రిసీవర్ సైమల్‌కాస్ట్‌ను బాగా తట్టుకుంటుంది. కంప్యూటర్‌కు తగిలించే చిన్న రేడియో రిసీవర్లయిన ఆర్‌టీఎల్-ఎస్‌డీఆర్ డాంగిళ్లు రెండింటితో, ఎస్‌డీఆర్‌ట్రంక్ సాఫ్ట్‌వేర్‌తో చాలా తక్కువలో పని జరుగుతుందని కుర్రాళ్లు చేసి చూపించారు, మెచ్చుకోవాల్సిందే. కానీ దానికి కంప్యూటర్ నడుస్తూ ఉండాలి. ఈ స్కానర్ 12 వోల్టుల బ్యాటరీ మీద నడుస్తుంది. తుఫాను రాత్రి మనకు కావాల్సింది అదే.

యాంటెన్నా కేబుల్ దగ్గర పొదుపు చేయలేదు. 850 మెగాహెర్ట్జ్ దగ్గర 15 మీటర్ల ఆర్‌జీ-58 అనే సన్న కేబుల్‌లో అవతలికి చేరేది సిగ్నల్‌లో సుమారు ఐదో వంతే. ఎల్‌ఎంఆర్-400 అనే లావు కేబుల్‌లో మూడింట రెండు వంతులు మిగులుతుంది.

వినడంపై చట్టం దేశానికొకటిగా ఉంటుంది, కొన్నిచోట్ల స్కానర్ దగ్గర ఉంచుకోవడానికే లైసెన్సు కావాలి. అందుకే కొనేముందు మన నిబంధనలు చదివించాం. సంఘం తరఫున ఇంకో కట్టుబాటు పెట్టుకున్నాం. విన్న చిరునామా, రోగి వివరం గది దాటి బయటికి పోకూడదు. విని ఎవరూ ఘటనాస్థలానికి పరుగెత్తకూడదు. దారి మూసేశారన్న సంగతి ఒక్కటే అందరికీ చెప్పాలి.

బ్యాటరీ ఛార్జింగ్ చూసుకోవడానికి నెలకొకరు చొప్పున ఐదుగురు పేర్లు ఇచ్చారు. ఇంకా ఏడుగురు కావాలి. పేరు ఇవ్వదలచినవారు కార్యాలయంలోని పుస్తకంలో రాయండి.

కార్యదర్శి