ఫొటోలు దిద్దుకోవడానికి ఏ సాఫ్ట్‌వేర్?

ప్రియమైన మిత్రమా,

నీ ఉత్తరం చదివితే కెమెరా కొన్న సంతోషం కంటే, ఫొటోలు దిద్దుకోవడానికి ఏ సాఫ్ట్‌వేర్ తీసుకోవాలన్న దిగులే ఎక్కువగా కనిపించింది. ఫొటోషాప్‌కు ఏడాది చందా కట్టేస్తానని రాశావు. కొన్నాళ్లు ఆగు. 1990లో వచ్చిన ఆ ప్రోగ్రాం గొప్పదనాన్ని నేను కాదనను. అయితే 2013 నుంచి దాని కొత్త వెర్షన్లు చందా మీదనే దొరుకుతున్నాయి, ఒకసారి కొని దాచుకోవడం కుదరదు. పైగా నీకు ఇప్పుడు కావలసినవి వెలుతురు సరిచేయడం, వంగిన ఫొటోను నిలబెట్టడం, అంచులు కత్తిరించడం, అంతే కదా!

నా అనుభవం ఒకటి చెబుతాను. మొదట్లో నేను వాడిన ఒక చిన్న ప్రోగ్రాంలో, తాతయ్య పక్కన నిలబడ్డ బంధువు సగమే పడ్డాడని ఫొటోను కత్తిరించి, అదే పేరుతో సేవ్ చేశాను. తాతయ్య చేతికర్ర కూడా ఆ అంచుతోనే పోయిందని మరునాడు గాని చూసుకోలేదు, అప్పటికి అసలు ఫొటో లేదు. అందుకే ఏ సాఫ్ట్‌వేర్ గురించి విన్నా, అది అసలు ఫొటోను ముట్టుకోకుండా ఉంచుతుందా అన్నదే నేను ముందు అడుగుతాను.

ఆ లెక్కన ఫోనులో స్నాప్‌సీడ్‌తో మొదలుపెట్టు. అది ఉచితం, చేసిన మార్పులన్నిటినీ వరుసగా గుర్తుంచుకుంటుంది కాబట్టి, నచ్చని మెట్టు దగ్గరికి వెనక్కి వెళ్లి దాన్ని ఒక్కదాన్నే మార్చుకోవచ్చు. కిటికీకి వీపు పెట్టి కూర్చున్న మనిషి ఫొటో ఒకటి అందులో తెరిచి, నీడల మీటను మెల్లగా కుడివైపు జరిపి చూడు: నల్లగా ఉన్న ముఖంలో కళ్లు, ఆ తర్వాత చొక్కా మడతలు తేలివస్తాయి, కానీ కిటికీ అవతల తెల్లబడిపోయిన ఆకాశం మాత్రం ఎంత జరిపినా నీలంగా మారదు. కెమెరా పట్టుకోని వివరాన్ని ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు.

ఈ ఇబ్బందిని కొంత తగ్గించేది రా (RAW) ఫైలు, అంటే కెమెరా పట్టిన వివరాన్ని దిద్దకుండా ఉన్నదున్నట్టు దాచే ఫైలు. మామూలుగా మనం వాడే కుదించిన ఫొటో ఫైలు జేపెగ్‌లో ఒక్కో రంగుకు 256 వెలుతురు మెట్లే ఉంటాయి, 14 బిట్ల రా ఫైలులో 16,384 ఉంటాయి. నీ కెమెరా రా ఇస్తే కంప్యూటర్‌లో డార్క్‌టేబుల్ వేసుకో. అదీ ఉచితమే, నీ మార్పులను పక్కన వేరే చిన్న ఫైలులో రాసుకుంటుంది తప్ప అసలు ఫొటో జోలికి పోదు. మొదటి వారం దాని మీటల గుంపు చూసి బెదిరిపోతావు, నేనూ బెదిరాను. ఎక్స్‌పోజర్ (వెలుతురు), వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగా కనిపించేలా రంగులు సరిచేయడం), క్రాప్ (కత్తిరింపు) తప్ప తక్కినవాటిని కొన్నాళ్లు ముట్టుకోకు.

ఫొటోలు దిద్దే మరో ఉచిత ప్రోగ్రాం గింప్ సంగతి కూడా అడిగావు. ఫొటోలోంచి కరెంటు తీగ తీసేయాలన్నా, రెండు ఫొటోలు కలపాలన్నా అది పనికొస్తుంది. 2025లో వచ్చిన 3.0తో దాని ఫిల్టర్లను తర్వాత కూడా మార్చుకునే వీలు కలిగింది. ఒక్క చిక్కు ఏమిటంటే, సేవ్ నొక్కితే గింప్ సొంత రకమైన ఎక్స్‌సీఎఫ్ ఫైలు వస్తుంది, జేపెగ్ కావాలంటే ఎక్స్‌పోర్ట్ చేయాలి. ఇది తెలియక నేను ఒక పూట వృథా చేసుకున్నాను.

ఇవన్నీ వాడిన తర్వాత కూడా వీటిలో కుదరని పని ఏదైనా తగిలితే, అప్పుడు చందా సంగతి మాట్లాడుకుందాం. ఈలోగా నువ్వు దిద్దిన మొదటి ఫొటోను, దిద్దని దానితో కలిపి పంపు.

నీ మిత్రుడు