కారట్, ముల్లంగి వేసేవాళ్లకి: విత్తన పట్టీలు

అందరికీ నమస్కారమండీ. కార్తీకంలో మడి వేసేవాళ్లు విత్తన పట్టీలు, అంటే గింజలు దూరం చూసి అంటించి అలాగే మట్టిలో పరిచే కాగితం పట్టీలు, ఇప్పుడే చేసి పెట్టుకోండి.

టిష్యూ పేపరుని 3 సెంటీమీటర్ల వెడల్పున కత్తిరించండి. న్యూస్‌పేపరు వద్దు, దళసరి. జిగురుకి చెంచాడు మైదా, పావు గ్లాసు నీళ్లు సన్నసెగ మీద ఉడికించి పూర్తిగా చల్లార్చాలి. పుల్లతో ఎత్తితే బొట్టు జారకూడదు. పలచనైతే గింజ ఆ తడికే ఉబ్బి, ఎండాక చచ్చిపోతుంది. పుస్తకాల జిగురులో వేసినట్టు మైలతుత్తం మాత్రం కలపకండి, మొలక పోతుంది.

అగ్గిపుల్లతో చిన్న బొట్టు పెట్టి గింజ అద్దండి. కారట్‌కి 5 సెంటీమీటర్లకి రెండేసి, ముల్లంగికి 8కి ఒకటి. రాత్రంతా ఫ్యాను కింద ఆరనివ్వండి, ఎండలో కాదు. మన కోనసీమ తేమకి పైకి ఆరినట్టుండి లోపల పచ్చిగా ఉంటుంది. అలా చుట్టేస్తే బూజే. గాలి చొరని డబ్బాలో, వేయించి చల్లార్చిన బియ్యం మూటతో దాచండి. మైదాకి చీమలొస్తాయి, మూత గట్టిగా పెట్టాలి.

సెంటీమీటరు లోతు గాడి తడిపి పట్టీ పరవండి. పైన నల్లమట్టి కప్పితే అట్టకట్టి మొలకని తొక్కేస్తుంది. ఇసుక, కొబ్బరిపొట్టు చెరిసగం కప్పండి. కాగితం అంచు బయటికి కనపడితే గాలికి తడంతా లాగేస్తుంది, జాగ్రత్త. కారట్ మొలవడానికి 8 నుంచి 12 రోజులు. అందాకా తడి గోనెపట్టా కప్పి, మొలక కనపడ్డ రోజే తీసెయ్యాలి.

తోటకూరకి ఇంత శ్రమ దండగ, ఇసుకలో కలిపి చల్లెయ్యండి.