అయస్కాంత క్షేత్రం కంటే ముందు యాంటెన్నా లీకేజీ

సంపాదకులకు,

గెలాక్సీల అయస్కాంత క్షేత్రాల మీద మీ సైన్స్ పేజీలో వచ్చిన వ్యాసం చదివాను. పుణే జిల్లా ఖోడద్‌లోని జీఎంఆర్‌టీ రేడియో టెలిస్కోపు పాత డేటా తీసుకుని మన ఎమ్మెస్సీ విద్యార్థులు కూడా ఇలాంటి పటాలు గీయవచ్చని రాశారు. మంచి సలహానే. కానీ ఆ పటాల్లోని గీతలన్నీ ధ్రువణ కోణాల (రేడియో తరంగం ఏ దిశలో కంపిస్తోందో చెప్పే కోణాల) నుంచే వస్తాయి. ఆ కోణాలను నమ్మదగినవిగా చేసే కాలిబ్రేషన్ (పరికరం తెచ్చే తప్పులను సరిదిద్దడం) గురించి వ్యాసంలో ఒక్క ముక్క లేదు.

డేటా దించుకునే ముందే, కుడి (ఆర్), ఎడమ (ఎల్) వృత్తాకార ధ్రువణాలను ఒకదానితో ఒకటి పోల్చే ఆర్‌ఎల్, ఎల్‌ఆర్ కూడా రికార్డయ్యాయో లేదో చూడాలి. ఆర్‌ఆర్, ఎల్‌ఎల్ మాత్రమే ఉంటే ఆ డేటా ఈ పనికి రాదు. తర్వాత, లీకేజీ (ఒక ధ్రువణం సంకేతం రెండోదాంట్లోకి కారడం) తేల్చడానికి 3సి147 లాంటి ధ్రువణం లేని బలమైన రేడియో మూలాన్ని, కోణం సరిచేయడానికి ధ్రువణం తెలిసిన మూలాన్ని డేటా తీసిన రోజు టెలిస్కోపుతో చూశారా? ఈ రెంటిలో ఏది లేకపోయినా ఇంట్లో కూర్చుని సృష్టించలేం.

550-850 మెగాహెర్ట్జ్ బ్యాండ్‌లో డైపోల్ సంకేతాలను హైబ్రిడ్ అనే భాగం కుడి, ఎడమ వృత్తాకార ధ్రువణాలుగా మారుస్తుంది. ఆ మార్పిడి ఎప్పుడూ పూర్తిగా శుభ్రంగా జరగదు. ఒకదాని సంకేతం కొంత రెండోదాంట్లోకి కారుతుంది. 100 మిల్లీజాన్‌స్కీల (రేడియో ప్రకాశానికి కొలమానం) మూలంలో అసలు ధ్రువణం 3 మిల్లీజాన్‌స్కీలే అనుకుందాం. 5 శాతం లీకేజీ ఉంటే దొంగ సంకేతమే అసలుదాన్ని మించిపోతుంది. బ్యాండ్ అంచుల్లో ఇది ఇంకా పెరుగుతుంది కాబట్టి లీకేజీని ఛానెల్ ఛానెల్‌కీ (బ్యాండ్‌లోని ప్రతి చిన్న ముక్కకీ) విడిగా లెక్కకట్టాలి. అంతకన్నా ముందు మొబైల్ వంటి రేడియో జోక్యాన్ని ఏరేయాలి.

కుడి ఎడమల మధ్య ఆలస్యాన్ని లీకేజీ కంటే ముందే సరిచేయాలి. 2 నానోసెకన్ల తేడా మిగిలినా 300 మెగాహెర్ట్జ్ వెడల్పులో ఫేజ్ 216 డిగ్రీలు తిరుగుతుంది, ధ్రువణ కోణం అందులో సగం. మిగతా యాంటెన్నాల ఫేజ్‌ను దేనితో పోల్చి కొలుస్తామో ఆ రిఫరెన్స్ యాంటెన్నా మొదటి నుంచి చివరి దాకా ఒక్కటే ఉండాలి. మధ్యలో మారితే కోణం గెంతుతుంది. రేడియో డేటాను శుద్ధి చేసే సాఫ్ట్‌వేర్ కాసాలో పారాంగ్ (ఈ తిరుగుడును సరిచేసే ఆప్షన్) ఆన్ చేయకపోతే, యాంటెన్నా ఆకాశంతో పోలిస్తే తిరుగుతూ ఉండటం వల్ల గంటల తరబడి కలిపిన ధ్రువణం తనను తానే కొట్టేసుకుంటుంది.

కోణం సరిచేయడానికి ఎక్కువగా 3సి286 అనే రేడియో మూలాన్ని వాడతారు. 1.45 గిగాహెర్ట్జ్ దగ్గర దాని ధ్రువణం సుమారు 9.5 శాతం, కోణం 33 డిగ్రీలు. పౌనఃపున్యం తగ్గేకొద్దీ ఆ శాతం పడిపోతుంది. 33 అన్న అంకెను 1 గిగాహెర్ట్జ్ కింద గుడ్డిగా పెట్టకూడదు.

అన్నీ చేశాక మిగిలేది అయనోవరణం, అంటే విద్యుదావేశ కణాలున్న పై వాతావరణం. అక్కడ ఫారడే భ్రమణం (ధ్రువణ కోణాన్ని తిప్పే ప్రభావం) చదరపు మీటరుకు 1 రేడియన్ ఉంటే 1.4 గిగాహెర్ట్జ్‌లో కోణం రెండున్నర డిగ్రీలే మారుతుంది. 400 మెగాహెర్ట్జ్‌లో 32 డిగ్రీలు! మన అక్షాంశాల్లో అయనోవరణం దట్టం, సూర్యాస్తమయం చుట్టూ త్వరగా మారుతుంది కూడా. జీపీఎస్ ఆధారిత ఎలక్ట్రాన్ పటాలతో ఈ దిద్దుబాటు తప్పనిసరిగా చేయాలి.

ఇకముందు ఇలాంటి ఫలితం ప్రచురించేటప్పుడు, కాలిబ్రేషన్ తర్వాత ధ్రువణం లేని మూలంలో ఎంత శాతం మిగిలిందో పరిశోధకులను అడిగి ఆ అంకె కూడా వేయండి. 0.5 శాతం మిగిలితే, అంతే ధ్రువణం కనిపించిన గెలాక్సీ గురించి ఏమీ చెప్పలేం. ఆ అంకె బీమ్ (టెలిస్కోపు చూసే ఆకాశ భాగం) మధ్యభాగానికే వర్తిస్తుంది, అంచుల వైపు లీకేజీ ఎక్కువ.

- రేడియో ఖగోళశాస్త్ర పాఠకుడు, హైదరాబాద్