పనిచోట టోర్నడో జాగ్రత్తలు: భద్రతా కమిటీ వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. సాంస్కృతిక కార్యక్రమాల వివరాలు, జమాఖర్చులు విడిగా అందుతాయి. ఇది భద్రతా కమిటీ పనికి సంబంధించిన నివేదిక.

ఈ ఏడాది ఇళ్ల సంగతి పక్కనపెట్టి పనిచోటు మీదే దృష్టి పెట్టాం. టోర్నడో (సుడిగాలి) వచ్చేటప్పుడు ఇంట్లో ఉంటే బేస్‌మెంట్‌లోకి దిగాలని మన పిల్లలకు కూడా తెలుసు. అదే ఆఫీసులోనో గ్యాస్ స్టేషన్ కౌంటర్ దగ్గరో ఉంటే ఎటు వెళ్తారని అడిగితే చాలామంది తడుముకున్నారు. "మేనేజర్ చెబితే వెళ్తాం" అన్నవాళ్లే ఎక్కువ. మాకు అసలు టెన్షన్ పట్టుకుంది అక్కడే.

2021 డిసెంబర్ 10 రాత్రి అమెరికాలోని ఇలినాయ్ రాష్ట్రం ఎడ్వర్డ్స్‌విల్‌లో ఒక పెద్ద గోడౌన్‌ను టోర్నడో కూల్చింది. ఆరుగురు చనిపోయారు. అక్కడ ప్లాన్ లేక కాదు. షెల్టర్‌కు వెళ్లమని చెప్పడానికి ప్లాన్‌లో రాసుకున్న మెగాఫోన్ తాళం వేసిన చోట ఉండిపోయిందని, షెల్టర్ ఎక్కడుందో కొందరు ఉద్యోగులకు గుర్తే లేదని అమెరికా ప్రభుత్వ కార్మిక భద్రతా సంస్థ ఓషా విచారణలో తేలింది. అందుకే ఈసారి శిక్షణలో ఒకటే మాట పదేపదే చెప్పాం: వార్నింగ్ వచ్చాక ఎవరి అనుమతీ అడగొద్దు. వాచ్ (టోర్నడో వచ్చే అవకాశం ఉందన్న సూచన) వస్తే సిద్ధంగా ఉండాలి, వార్నింగ్ (టోర్నడో కనిపించిందనో రాడార్‌లో తేలిందనో ఇచ్చే హెచ్చరిక) వస్తే కదలాలి. చేతిలో ఉండేవి కొద్ది నిమిషాలే.

ఎటు కదలాలి? కింది అంతస్తులో, కిటికీలు లేని చిన్న లోపలి గదిలోకి. బాత్రూమ్ అయినా ఫర్వాలేదు. వెడల్పాటి పైకప్పున్న హాళ్లు, అద్దాల లాబీలు పనికిరావు. లిఫ్ట్ ఎక్కొద్దు, కారులో బయల్దేరొద్దు. 2011 మే 22న మిస్సోరీలోని జాప్లిన్‌లో టోర్నడో వచ్చినప్పుడు ఒక స్టోరులో ఉన్నవాళ్లు వాక్-ఇన్ కూలర్‌లో (సరుకు చల్లగా ఉంచే గదిలో) దూరి ప్రాణాలు దక్కించుకున్నారు. కూలర్‌ను సేఫ్ రూమ్ (టోర్నడోను తట్టుకునేలా కట్టిన గది) అనలేం గానీ, అద్దాల ముందు నిలబడటం కంటే వెయ్యి రెట్లు నయం.

ఒక సభ్యుడి స్టోరులో డ్రిల్ చేశాం. వెనక గది తలుపు సగమే తెరుచుకుంది, లోపలంతా సోడా కేసులు. వాటిని జరిపి అందరం ఇరుక్కుని నిలబడ్డాక తలలు లెక్కపెడితే సిబ్బంది సరిపోయారు. సరుకు దింపడానికి వచ్చిన డ్రైవర్ మాత్రం బయటే ట్రక్కు దగ్గర ఉన్నాడు. ఆయన్ని లోపలికి పిలవాలని ఎవరికీ తట్టలేదు. మరుసటి వారానికి ఆ గది ఖాళీ అయింది.

పది మంది, అంతకంటే తక్కువ సిబ్బంది ఉంటే ఎమర్జెన్సీ ప్లాన్ నోటిమాటగా చెప్పినా చాలునని ఓషా నిబంధన వెసులుబాటు ఇస్తుంది. మన షాపుల్లో చాలావాటికి ఇది వర్తిస్తుంది. అయినా ఒక కాగితం మీద రాసి కౌంటర్ వెనక అంటించమని యజమానులను కోరాం. కొందరు వెంటనే చేశారు, కొందరిని ఇంకా అడుగుతూనే ఉన్నాం.

సైరన్లు బయట ఉన్నవాళ్ల కోసం పెట్టినవి. కూలర్ల మోతలో, లోపలి గదుల్లో అవి వినపడకపోవచ్చు. వాతావరణ హెచ్చరికలు వినిపించే, బ్యాటరీతో పనిచేసే వెదర్ రేడియో ప్రతి స్టోరులో ఉండాలి. దాన్ని మీ కౌంటీకి సెట్ చేయడం రాకపోతే కమిటీ వాళ్లు వచ్చి చేసిపెడతారు.

రాత్రి షిఫ్టులో ఒంటరిగా పనిచేసేవాళ్ల విషయంలో మేం పెద్దగా ఏమీ చేయలేకపోయాం. వార్నింగ్ వస్తే క్యాష్ రిజిస్టర్ వదిలి వెళ్లొచ్చని యజమాని ముందే రాసివ్వాలన్నది మా ప్రతిపాదన. దీన్ని సర్వసభ్య సమావేశంలో చర్చకు పెడుతున్నాం. స్టోర్లు, మోటళ్లు నడిపేవాళ్లు తప్పకుండా రండి. మార్చిలోపు డ్రిల్ కావాలనుకునేవాళ్లు అదే రోజు కమిటీకి పేరు ఇవ్వండి.