ఎడమ కాలికి ప్లేటు వేస్తే కుడి గిట్టను కాపాడినవాళ్లకు

కృతజ్ఞతలు, ముందుగా రాత్రి వంతులు కాసిన సాయిసు అన్నలకు, అంటే గుర్రాన్ని చూసుకునేవాళ్లకు. మా గుర్రం ముందరి ఎడమ కాలి పాస్టర్న్ ఎముకకు (గిట్టకు కాస్త పైన ఉండేది) ప్లేటు బిగించి, మోకాలి కింది దాకా కట్టు వేయడం సర్జన్ల పని. అసలు గండం ఆ తర్వాత, అదీ బాగున్న కాలికి.

నిలబడ్డ గుర్రం బరువును ఒక కాలి నుంచి ఇంకో కాలికి మార్చుకుంటూనే ఉంటుంది. గిట్ట లోపల నెత్తురు ఆడేది ఆ కదలికతోనే. ఒకే కాలి మీద రోజుల తరబడి నిలబడితే గిట్ట గోడకూ లోపలి ఎముకకూ మధ్య పట్టు సడలి, ఎముక కిందికి జారుతుంది. 2006లో అమెరికాలో కెంటకీ డెర్బీ పందెం గెలిచిన బార్బారో అనే గుర్రానికి రెండు వారాలకే ప్రీక్‌నెస్ పందెంలో కుడి వెనక కాలు విరిగింది. ప్లేటు, 27 స్క్రూలతో ఎముక కుదుటపడుతుండగా, జులైలో ఎడమ వెనక గిట్టకు లామినైటిస్, అంటే గిట్ట లోపలి పట్టు సడలే ఆ జబ్బే, వచ్చింది. చివరికి ముందు గిట్టలకూ అదే. 2007 జనవరి 29న మందిచ్చి ప్రాణం తీయక తప్పలేదు.

అందుకే, గుర్రం ఉన్నట్టుండి కట్టున్న కాలి మీద గట్టిగా నిలబడిన రాత్రి, సంబరపడకుండా కుడి గిట్ట తడిమి చూసిన అన్నకు ప్రత్యేకంగా దండాలు. గిట్ట వెచ్చగా ఉంది, ఫెట్‌లాక్ (పాస్టర్న్ పైన ఉండే కీలు) వెనక నాడి టకటకా కొట్టుకుంటోంది. కుడి కాలు నొప్పెట్టి బరువు ఇటు మార్చిందన్నమాట. వెంటనే ఐసు, తెల్లారి ఎక్స్‌రే. ఎముక జారలేదు.

నాడాలు కొట్టే భాయికి: గిట్టను కూడా కప్పే కట్టుతో ఆ కాలు పొడుగవుతుంది. దాని మందం కొలిచి, కుడి గిట్ట కింద అంతే ఎత్తు ఫోమ్ పలక కట్టారు.

కట్టును రోజూ అరచేత్తో తడిమినవాళ్లకు: వేడి చోటు, వాసన, ఒకేచోట మూగే ఈగలు. లోపల పుండు, చీము ముందు బయటపడేది వీటితోనే. జ్వరం ఆలస్యంగా రావచ్చు, నొప్పి మందులు దాన్ని దాచేస్తాయి కూడా. కట్టు మార్చినప్పుడు నెత్తురు ఆపే పట్టీ (టూర్నికే) బిగించి సిరలోకి అమికాసిన్ అనే యాంటీబయాటిక్ ఎక్కించిన అరగంటా గుర్రాన్ని కదలకుండా పట్టుకున్న ఇద్దరికీ! కదిలితే మందు పైకి జారిపోతుంది.

లద్ది లెక్క రాసిన పిల్లలకూ థాంక్స్. రోజుకు నాలుగుసార్లకు తగ్గిపోయిందని మీరు చెప్పబట్టే కడుపునొప్పి ముదరలేదు.

ఫోమ్ పలకలు నలిగిపోతున్నాయి. కొత్తవి మేత గదిలో ఉన్నాయి, ఆదివారం వంతువాళ్లు మార్చగలరు.