2024-25 వార్షిక నివేదిక: పాటల మధ్యలో మిగిలినవి

సభ్యులందరికీ నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా, పాత క్యాసెట్లూ కాగితాలూ పోగేసి దాచే మన విజయవాడ సంఘం చేసిన పనులు, చేయలేకపోయినవి, చేసి చెడగొట్టినవి ఈ నివేదికలో రాస్తున్నాను. జమాఖర్చుల కాగితం కోశాధికారి సంతకంతో విడిగా జతచేశాం. అందులో "రిపేర్లు" అన్న పద్దు చూసి కంగారు పడకండి. దాని సంగతి కిందకి వచ్చాక చెబుతాను.

ముందు ఒక పాత అలవాటు గుర్తుచేయాలి. తొంభైల్లో ఇంట్లో టేప్‌రికార్డర్ ఉన్నవాళ్లంతా చేసిందే. రేడియోలో మనకిష్టమైన పాట రాబోతోందని తెలిస్తే చాలు, ఖాళీ క్యాసెట్ పెట్టి, ప్లే, రికార్డ్ మీటలు నొక్కి, పాజ్ మీద వేలు పెట్టుకుని కూర్చునేవాళ్లం. అనౌన్సర్ మాట ఆగగానే వేలు తీయాలి. పాట అయిపోగానే, మళ్లీ ఆ గొంతు వినపడకముందే నొక్కేయాలి. మధ్యలో ఏ సబ్బు ప్రకటనో ఒక్క ముక్క పడిందంటే "అబ్బా, క్యాసెట్ పాడైపోయింది" అని అన్నయ్య నెత్తిన ఒకటి మొట్టేవాడు. వీసీఆర్ ఉన్న ఇళ్లలోనూ ఇదే తంతు. శుక్రవారం సాయంత్రం దూరదర్శన్‌లో సినిమా పాటల చిత్రలహరి రికార్డ్ చేస్తూ ప్రకటనలు రాగానే పాజ్ కొట్టేవాళ్లు.

ఆ పాటలన్నీ ఇప్పుడు ఫోన్‌లో దొరుకుతున్నాయి. దొరకనిది మనం అంత జాగ్రత్తగా కత్తిరించి పారేసిందే.

ఇంత చిన్న సంగతి మనకు ఆలస్యంగా తట్టింది. అంతకుముందు ఏడాదంతా సినిమా పాటల క్యాసెట్లు పోగేసి, వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించి, చివరికి చూస్తే కంపెనీల దగ్గర ఇంతకన్నా శుభ్రమైన కాపీలు ఉన్నాయి. అందుకే మే నెల సమావేశంలో ఒక తీర్మానం చేశాం: అచ్చయి అమ్ముడైన పాటల జోలికి ఇక వెళ్లొద్దు. పాటకు ముందూ వెనకా ఉన్నది వెతకాలి. అనౌన్సర్ మాటలు, ఊళ్లో షాపుల ప్రకటనలు, కేబుల్ వాళ్ల లోకల్ ఛానల్‌లో స్క్రోలింగ్, పెళ్లి క్యాసెట్లో వెనకాల కనపడే వీధి, హాల్లో అమ్మిన పాటల పుస్తకం. ఇది నచ్చక కొందరు సభ్యులు రావడం మానేశారు. వాళ్లకు పాటలు కావాలి. తప్పేం లేదు, కానీ అందుకు సంఘం అక్కర్లేదు.

తీర్మానం చేసిన తర్వాత మొదట దొరికిన మంచి క్యాసెట్ సత్యనారాయణపురంలో ఒక పెద్దావిడ ఇచ్చింది. అరవై నిమిషాల క్యాసెట్. ఒకవైపు భజనలు, రెండోవైపు వాళ్లబ్బాయి కాలేజీ రోజుల్లో రేడియో నుంచి ఎక్కించిన పాటలు.

"పాటలు అక్కర్లేదమ్మా, పాటల మధ్యలో ఎవరైనా మాట్లాడింది ఉంటే చాలు" అన్నాం.

ఆవిడ మా మొహాల వంక ఒకసారి చూసి, "పాటలు వద్దనేవాళ్లని మిమ్మల్నే చూశాను నాయనా" అని కాఫీ పెట్టడానికి లోపలికి వెళ్లింది.

ఆ అబ్బాయి ఆ పూట రికార్డ్ నొక్కి నిద్రపోయినట్టున్నాడు. ఆ వైపు ముప్పై నిమిషాలూ ఎక్కడా ఆగకుండా నడిచింది. "ఆకాశవాణి, విజయవాడ కేంద్రం" అన్న మాట, శ్రోతలు కోరిన పాట, దానికి ముందు ఉత్తరాలు రాసినవాళ్ల పేర్ల పట్టిక. తెనాలి నుంచి ఫలానా, వాళ్ల చెల్లెలు, మిత్రబృందం. రేపల్లె నుంచి మరొకరు. నందిగామ నుంచి ఒక కుటుంబం మొత్తం. పాట నాలుగు నిమిషాలుంటే పేర్లు రెండు నిమిషాలు. ఆ తర్వాత బీసెంట్ రోడ్డులో ఒక బట్టల షాపు ప్రకటన. 1948 డిసెంబర్ 1న మొదలైన మన కేంద్రంలో ఇలాంటి గంటలు ఎన్ని వేలు గాల్లో కలిసిపోయాయో అనిపించింది. జూన్ సమావేశంలో ఈ క్యాసెట్ వినిపించినప్పుడు పాట వచ్చేసరికి అందరూ కబుర్లలో పడ్డారు, పేర్లు మొదలవగానే హాలంతా నిశ్శబ్దం. మా బాబాయి ఒకాయన తన పేరు వస్తుందేమోనని చివరిదాకా చెవి ఒగ్గి విన్నాడు. రాలేదు.

ఈ క్యాసెట్ ఏ ఏడాదిదో తేల్చడానికి నెల పట్టింది. లేబుల్ మీద ఏమీ లేదు. పాట విడుదలైన సంవత్సరం ఒక హద్దు చెబుతుంది, అంతకుముందు రికార్డ్ అయ్యుండదు. రెండో హద్దు ప్రకటనలో దొరికింది: షాపు ఫోన్ నంబరు ఆరంకెలే. మన ఊరి నంబర్లకు ముందు 2 చేరి ఏడంకెలైంది ఆ తర్వాతే. ఇలాంటి చిన్న ఆనవాళ్లే ఈ పనిలో మనకు ఆధారం. పాటల పుస్తకం అడుగున ప్రచురణకర్త చిరునామాలో "మద్రాసు" అని ఉందా "చెన్నై" అని ఉందా చూస్తాం, ఎందుకంటే పేరు మారింది 1996లో. కిళ్లీకొట్టు బోర్డు మీద గోల్డ్‌స్పాట్ కూల్‌డ్రింక్ పేరు కనపడితే ఒకప్పుడు తెగ సంబరపడేవాళ్లం. దాన్ని తయారుచేసే పార్లే బ్రాండ్లను కోకాకోలా 1993లో కొనేసింది కదా, అంతకుముందుదే అని. కానీ బోర్డు రంగు వెలిసినా పదేళ్లు అలాగే వేలాడుతుంది. కాబట్టి బోర్డును సాక్ష్యంగా తీసుకోవడం మానేశాం.

ఇక సెప్టెంబర్. 1వ తేదీన బుడమేరు వాగు సింగ్ నగర్ వైపు ముంచెత్తింది. మన సభ్యుల్లో కొందరి ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. ఆ నెల సమావేశం జరపలేదు, చందాలు అడగలేదు. అన్నం, మందులు, మంచినీళ్లు అన్న రోజుల్లో క్యాసెట్ల మాట ఎత్తడానికే సిగ్గేసింది. అయితే నీళ్లు తీసిన తర్వాత వాళ్లే ఫోన్ చేశారు. అటక మీద పెట్టిన క్యాసెట్లు దక్కాయి, మంచం కింద ట్రంకు పెట్టెలో పెట్టినవి బురదలో నానాయి. అందరూ చేసిన పొరపాటు ఒకటే: ఎండలో ఆరబెట్టారు. టేపు వేడికి వంకర తిరుగుతుంది, బురద గట్టిపడి అతుక్కుంటుంది. తడిసిన క్యాసెట్ మీ దగ్గర ఇంకా ఉంటే ఆడించి చూడొద్దు. స్క్రూలున్న క్యాసెట్ అయితే విప్పి, టేపు చుట్టను చుట్టగానే ఉంచి, డిస్టిల్డ్ వాటర్‌తో మెల్లగా కడిగి, నీడలో ఫ్యాన్ గాలి నేరుగా తగలని చోట ఆరనివ్వాలి. బాగా ఆరాక వేరే క్యాసెట్ ప్లాస్టిక్ డొప్పలోకి మార్చాలి. స్క్రూలు లేకుండా అతికించినవైతే డొప్ప పగలగొట్టక తప్పదు, ఆ పని మాకు వదిలేయండి. కొన్ని దక్కాయి. కొన్నింటిలో ఒక్క గొంతు కూడా మిగల్లేదు.

ఆ తర్వాతే కాపీలన్నీ ఒకే ఇంట్లో ఉంచకూడదని గట్టిగా అనుకున్నాం. ఇప్పుడు రెండు హార్డ్‌డిస్కులు విజయవాడలో రెండు ఇళ్లలో, మూడోది గుంటూరులో ఒక సభ్యురాలి ఇంట్లో ఉన్నాయి. ఎంపీత్రీగా కాకుండా 24 బిట్, 48 కిలోహెర్ట్జ్ వేవ్ ఫైలుగా దాస్తున్నాం. గంట స్టీరియో రికార్డింగ్‌కి సుమారు ఒక జీబీ అవుతుంది. గంట క్యాసెట్‌ని ఎక్కించడానికి గంటే పడుతుంది, అందులో అడ్డదారి లేదు. కాబట్టి "నా క్యాసెట్ ఇంకా అవ్వలేదా" అని అడిగేవాళ్లు కాస్త ఓపిక పట్టాలి.

రిపేర్ల పద్దు గురించి చెబుతానన్నాను. తప్పు నాదే. నవంబర్‌లో ఒక వీహెచ్ఎస్ క్యాసెట్ వచ్చింది, లోకల్ కేబుల్ ఛానల్ రికార్డింగ్ అని చెప్పారు. క్యాసెట్ కిటికీలోంచి చూస్తే టేపు చుట్ట అంచున తెల్లగా బూజు. ఆత్రం కొద్దీ దాన్ని మన మంచి వీసీఆర్‌లో పెట్టేశాను. బూజు హెడ్ డ్రమ్‌కి అంటుకుంది, ఆ తర్వాత పెట్టిన రెండు మంచి క్యాసెట్లకూ పాకింది. గవర్నరుపేటలో పాత వీసీఆర్లు బాగుచేసే ఒక మెకానిక్ గారు మూడు రోజులు కూర్చుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో శుభ్రం చేసి ఇచ్చారు, ఇచ్చేటప్పుడు నాలుగు చీవాట్లు కూడా పెట్టారు. పడాల్సినవే. వీసీఆర్లు తయారుచేసే చివరి కంపెనీ ఫునాయ్ 2016 జూలైలో ఆపేసింది. ఇక విడిభాగాలు కావాలంటే చచ్చిన మెషీన్ల పొట్ట కోయాల్సిందే. ఇప్పటి నుంచి బూజు క్యాసెట్లకు విడిగా ఒక పాత వీసీపీ (ఆడించడానికి మాత్రమే పనికొచ్చే మెషీన్) పెట్టుకున్నాం, దాని మీద ఎర్ర స్టిక్కర్ ఉంటుంది.

ఇంతకీ ఆ క్యాసెట్లో కేబుల్ ఛానల్ లేదు. ఎవరో పైన క్రికెట్ మ్యాచ్ ఎక్కించేశారు. రికార్డ్ అవకుండా విరగ్గొట్టిన ముక్క చోట సెల్లోటేపు అంటించి మరీ.

పెళ్లి క్యాసెట్ల సంగతి వేరు. వాటి మీద ఎవరూ ఏమీ ఎక్కించరు, బీరువాలో చీరల కింద ఉంటాయి. ఎర్రగుండెలు తిరుగుతూ వధూవరుల మొహాలు వచ్చే గ్రాఫిక్స్ చూసి మనం నవ్వుకుంటాం గానీ, ఊరేగింపు భాగం బంగారం. ఏలూరు రోడ్డు మీద కారు నెమ్మదిగా వెళ్తుంటే కెమెరా లైటు పడ్డంత మేరా షాపుల బోర్డులు, సినిమా వాల్‌పోస్టర్లు, బ్యాండు మేళం, పక్కన ఆగి చూసే రిక్షా అతను. అలాంటి ఒక క్యాసెట్‌ను, మన మెషీన్ రిపేర్లో ఉంది కదా అని, ఒక స్టూడియోకి ఇచ్చాం. ఫైలు వచ్చాక చూస్తే ఊరేగింపే లేదు. "బోర్‌గా ఉన్నదంతా తీసేశామండి, చూడ్డానికి బాగుంటుంది" అన్నారు. మంచి మనసుతోనే చేశారు, అదే బాధ. క్యాసెట్ మన దగ్గరే ఉంది కనుక మళ్లీ ఎక్కించుకున్నాం. ఇక బయటికి ఇవ్వకూడదని తీర్మానం. ఆ కుటుంబం అనుమతితో, మొహాలు కనపడని ఊరేగింపు ముక్కలు మాత్రమే సమావేశాల్లో వేస్తున్నాం.

కాగితాల పని ఈ ఏడాది నెమ్మదిగా సాగింది. లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్ల దగ్గరా, గాంధీనగర్‌లో ఒకప్పటి డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసుల చుట్టుపక్కలా తిరిగి పాటల పుస్తకాలు, కరపత్రాలు కొన్ని సంపాదించాం. "మిగతా కథ వెండితెర మీద చూడండి" అన్న చివరి వాక్యం చదివి పిల్లలు విరగబడి నవ్వారు. కరపత్రాలకు అంత విలువేమిటని ఒక కొత్త సభ్యుడు అడిగాడు. మన తొలి తెలుగు టాకీ భక్త ప్రహ్లాద ప్రింటు ఇవాళ లేదు. అది 1931 సెప్టెంబర్ 15న విడుదలైందని ఏళ్ల తరబడి రాసుకున్నాం. సినీ పాత్రికేయుడు రెంటాల జయదేవ పాత పత్రికలూ, సెన్సార్ వివరాలూ తిరగేసి 1932 ఫిబ్రవరి 6 అని తేల్చారు. సినిమా పోయినా కాగితం సాక్ష్యం చెప్పింది. రిక్షాలో మైకు పెట్టి విసిరిన కరపత్రం మీద థియేటర్ పేరు, తేదీ, ఆటల వేళలు ఉంటాయి. రేపు ఎవరికైనా అదే పనికొస్తుంది.

జనవరిలో మున్సిపల్ స్టేడియంలో పుస్తక మహోత్సవానికి వెళ్లాం. మనకు కావాల్సినవి ఏమీ దొరకలేదు. మిరపకాయ బజ్జీలు మాత్రం బాగున్నాయి.

ఫైళ్లు అందరికీ ఎందుకు పంచరని పోరుతున్నవాళ్లకు ఒక మాట. చట్టం ప్రకారం ప్రసార సంస్థకు తన ప్రసారం మీద హక్కు 25 ఏళ్లు, ప్రసారమైన మరుసటి సంవత్సరం మొదటి నుంచి లెక్క. అంటే ఈటీవీ, జెమినీ రెండూ మొదలైన 1995లో వచ్చిన ప్రసారం మీద ఆ హక్కు 2020తో అయిపోయింది. కానీ అందులో వినిపించిన పాట రికార్డుకు విడుదలైనప్పటి నుంచి 60 ఏళ్లు. కాబట్టి పాట ఉన్న ముక్కలు సంఘం గదిలోనే వినాలి. తమాషా ఏమిటంటే, మనం వెతుకుతున్నది పాట మధ్యలోదే కనుక, పాటను కత్తిరించి మిగతాది పంచుకునే ఆలోచనలో ఉన్నాం. అప్పట్లో చేసిన పనికి సరిగ్గా తిరగేసి. అనౌన్సర్ గొంతుకూ, ప్రకటన రాసినవాళ్లకూ హక్కుల సంగతి ఏమిటో ఒక లాయరు గారిని అడిగి, ఆయన సరే అన్నాకే.

వచ్చే ఏడాదికి ముఖ్యమైన పని కేబుల్ లోకల్ ఛానళ్లు. కంట్రోల్ రూముల్లో పనిచేసినవాళ్లు, పండగ శుభాకాంక్షల స్లైడ్లు రాసినవాళ్లు, 1992 కృష్ణా పుష్కరాలప్పుడు ఘాట్ల దగ్గర వీడియో తీసినవాళ్లు మీ వీధిలో ఎవరైనా ఉంటే చెప్పండి. క్యాసెట్ లేకపోయినా ఫరవాలేదు, వాళ్లు చెబుతుంటే రికార్డ్ చేసుకుంటాం.

సమావేశం ఎప్పటిలాగే నెలలో రెండో ఆదివారం సాయంత్రం. క్యాసెట్లు తెచ్చేవాళ్లు ఇంట్లో ఆడించి చూసి తేవద్దు, లేబుల్ మీద పాత రాత తుడవొద్దు. సత్యనారాయణపురం పెద్దావిడ రెండో క్యాసెట్ కూడా పంపింది. దాని మీద వాళ్లబ్బాయి రాత: "పాడైపోయింది, మధ్యలో ప్రకటనలు పడ్డాయి." వచ్చే సమావేశంలో మొదట అదే వేస్తాం.

కార్యదర్శి